వీధిలో కాల్చిన పులియని రొట్టె

నేను ఒక ఇనప పెనాన్ని. అట్ల పెనం అనండి, రొట్టెల పెనం అనండి, నాకు పట్టింపు లేదు. నా మీద ఏది వేస్తే అది కాలుస్తాను. వేసిన వాళ్ళెవరో చూడను. దీన్ని మనుషులు మొద్దుతనం అంటారు. ఆ మాత్రం మొద్దుతనం తాము నేర్చుకోవడానికి వాళ్ళకి చదువులూ, సభలూ, ఉపన్యాసాలూ కావాలి.

నేను పుట్టింది రేపల్లెలో, బియ్యం మిల్లు పక్కనున్న కొలిమిలో. మిల్లు బాయిలరు పాతబడి విప్పేస్తే అందులో ఒక రేకు ముక్క కమ్మరి బ్రహ్మలింగం చేతికి వచ్చింది. ఆ రోజు ఆయనకి భార్యతో తగువైందట. ఆ కోపమంతా సమ్మెట మీద చూపించాడు. అందుకే నా నడుమ చిన్న గుంట ఉంది. నూనె అక్కడికే చేరుతుంది. అట్టు నడుమ మెత్తగా, అంచు కరకరలాడుతూ వస్తుంది. తిన్నవాళ్ళంతా అది నా పనితనం అనుకున్నారు. ఒక మగాడి అలక అని ఎవరికీ తెలియదు.

నా మొదటి యజమాని స్టేషను ఎదురుగా కాఫీ హోటలు నడిపే శేషాచలంగారు. మంచి మనిషి అనే అందరూ అనేవారు. హోటల్లో లోపల బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళకి అట్టు ఇత్తడి పళ్ళెంలో వెళ్ళేది. వెనక గోడ దగ్గర నిలబడ్డవాళ్ళకి బాదం ఆకులో, అదీ చెయ్యి తగలకుండా పైనుంచి జారవిడిచి. ఒకే పిండి, ఒకే పెనం, ఒకే అట్లకాడ. నా మీద ఉన్నంతసేపూ అట్టుకి కులం ఉండేది కాదు. దిగిందో లేదో, వచ్చేసేది.

ఆ వెనక గోడ దగ్గరే నేను మిర్యామ్మని చూశాను. అప్పుడే పెళ్ళయి వచ్చిన పిల్ల. గిన్నెలు తోమడానికి కుదిరింది. రోజూ నన్ను ఇసుకా కొబ్బరిపీచూ వేసి తోమేది. నన్ను తోమే చేత్తో, నా మీంచి దిగిన అట్టును మాత్రం ముట్టకూడదు. నేను మైలపడనట, అట్టు పడుతుందట. ఈ శాస్త్రం రాసినవాడెవడో గానీ వంటింటి వైపు వెళ్ళినవాడై ఉండడు.

తరవాత హోటల్లోకి గ్యాసు పొయ్యీ, బల్లంత స్టీలు పలకా వచ్చాయి. నన్ను దొడ్లో విరిగిన కుర్చీల పక్కన పడేశారు. మిర్యామ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళి అడిగింది.

"అయ్యగారూ, ఈ పెనం ఎవరికీ అక్కర్లేదు గదా. నేను తీసుకుపోనా?"

"పో. కానీ మొయ్యగలవా? బరువమ్మాయ్."

"ఇన్నేళ్ళు తోమాను గదండీ. బరువు నాకు తెలవదా."

అలా ఆమె తల మీద ఎక్కి ఊరేగింపుగా వెళ్ళాను. దారిలో ఎవరూ పక్కకి తప్పుకోలేదు. ఊరేగింపు అని తెలిసింది మా ఇద్దరికే.

ఆ ఇంటికి వెళ్ళాక నాకు తెలిసిన మొదటి సంగతి, శనివారం నాకు సెలవని. శుక్రవారం పొద్దుగూకే ముందే వంటంతా చేసి నన్ను గోడకి చేరవేసేవారు. శనివారం పొయ్యి రాజెయ్యరు. ఆంధ్రదేశంలో వారానికో రోజు సెలవు దొరికే పెనం నేనొక్కదాన్నే అయ్యుంటాను. నెమ్మదిగా అర్థమైంది, వీళ్ళు యూదులు. గుంటూరు సీమలో మేం యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు కొన్నే. ఇంట్లోకి పంది మాంసం రాదు. చైత్ర పున్నమి దగ్గర పులియని రొట్టెల పండగ వస్తుంది. ఈ ఆచారాలన్నీ మిర్యామ్మ అత్తగారు ఆమెకి చెప్పింది, ఆమె కోడలికి చెప్పింది. చర్చికి పోయేవాళ్ళు వీళ్ళని 'దారి తప్పిన మావాళ్ళే' అనేవారు. గుడికి పోయేవాళ్ళు 'చర్చివాళ్ళే, కాస్త తేడా' అనేవారు. ఊళ్ళో చాలామందికి యూదులంటే పుస్తకంలోవాళ్ళు. పక్కింట్లోవాళ్ళు కాదు.

ఒకసారి పట్నం నుంచి ఒకాయన పరిశోధన చేస్తానని వచ్చాడు. మంచం మీద కూర్చుని, మజ్జిగ తాగి, నెమ్మదిగా అడిగాడు. "మీరు నిజమైన యూదులే అని రుజువేంటమ్మా?"

మిర్యామ్మ ఆయన చేతిలోని ఖాళీ గ్లాసు అందుకుంది. "మేం మాదిగలమని మాత్రం ఇంతవరకూ ఎవరూ రుజువు అడగలేదు నాయనా. గుమ్మం దగ్గర చూసే చెప్పేశారు," అంది.

ఆయన రెండో గ్లాసు మజ్జిగ అడగలేదు.

మిర్యామ్మ కొడుకు ఎలీషా లారీ నడుపుతాడు. నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. కోడలు కెజియ డిగ్రీ చదివింది. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది, సాయంత్రాలు ఇంటి దగ్గర ట్యూషను. ఆమె స్కూలుకి దగ్గరగా ఉంటుందని పాత మగ్గాల వీధిలో వీరరాఘవులుగారి పక్క వాటా అద్దెకి తీసుకున్నారు. ఆయన ఎరువుల కొట్టు కొడుక్కి అప్పజెప్పి, వీధి అరుగుని తన ఆఫీసుగా చేసుకున్న మనిషి. భార్య నాంచారమ్మ. నోరు మంచిది, అయితే దాన్ని పొదుపుగా వాడుతుంది. మిర్యామ్మ ఆమెకంటే పెద్దదే. అయినా ఆమె మిర్యామ్మని 'నువ్వు' అనేది, మిర్యామ్మ ఆమెని 'అమ్మగారూ' అనేది. ఎవరూ నేర్పకుండానే వచ్చే వ్యాకరణం ఇది.

పులియని రొట్టెల పండగకి ఆ ఇంట్లో మూడు పనులు జరుగుతాయి. ఇవి మీకు చెప్పాలి, తరవాత జరిగిన గొడవంతా వీటి మీదే.

ఇంట్లో పులిసింది ఏదీ మిగలకూడదు. అంచేత రెండు రోజుల ముందే గిన్నెడు అట్లపిండి నాంచారమ్మ ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ రోజు వాళ్ళింట్లో అట్లే. ఆవకాయ పులిసినట్టా ఊరినట్టా అని కెజియ ఏటా అడుగుతుంది. "ఊరినట్టే. పులిసినట్టని ఎవరన్నా తేలిస్తే మీ ఆయన మతం మార్చుకుంటాడు," అని మిర్యామ్మ ఏటా చెబుతుంది.

తరవాత నా వంతు. మూడు రాళ్ళ పొయ్యి మీద పెట్టి, నేను ఎర్రబడేదాకా కాలుస్తారు. ఏడాదంతా తాగిన నూనె, జిడ్డు, పాత రుచులు అన్నీ పొగై పోవాలి. ఆ తరవాత కొన్నాళ్ళు నా మీద పోసిన అట్టు చచ్చినా లేవదు. భక్తికి అట్లకాడతో పని ఎక్కువ.

ఆఖరిది గుమ్మం మీద చెయ్యి. పూర్వం గొర్రెని కోసి ఆ నెత్తురు తలుపు కమ్మీకి రాసేవారట, ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలుగా ఉన్న రోజుల్లో వాళ్ళ పెద్దలు రాసినట్టు. గొర్రె కొనే తాహతు లేని కాలంలో మిర్యామ్మ అత్తగారు పసుపు నీళ్ళలో సున్నం కలిపింది. ఎర్రగా తిరిగింది. అందులో అరచెయ్యి ముంచి గుమ్మానికి కొట్టింది. అప్పటినుంచీ అదే ఆచారం. తెలుగు ఆడవాళ్ళకి ఎర్రనీళ్ళు ఎవరు నేర్పాలి? పిల్లకి జ్వరం తగిలినా, పెళ్ళికొడుకు గుమ్మంలోకి వచ్చినా, చంటిది పాలు కక్కినా, పసుపూ సున్నమూ కలిపి దిష్టి తీసే వీధే అది.

ఇక సంగతిలోకి వస్తాను. ఆ ఏడాది ఎక్కడో దూరాన యూదుల దేశంలో యుద్ధం జరుగుతోంది. దానితో మా వీధికి ఉన్న సంబంధం ఫోను. వీరరాఘవులుగారు అరుగు మీద కూర్చుని రోజూ దాన్ని గెలిపిస్తూ ఓడిస్తూ ఉండేవారు. ఒకరోజు అందరి ఫోన్లకీ ఒక గొంతు వచ్చింది. పేరు చెప్పని పెద్దమనిషి గొంతు, దగ్గుతూ, బాధపడుతూ. యూదులనేవాళ్ళు పండక్కి చేసే రొట్టెలో చిన్నపిల్లల నెత్తురు కలుపుతారట. అలాంటివాళ్ళు మన మధ్యే ఉన్నారట. కింద ఫోటో. ఎర్రటి అరచెయ్యి ఉన్న గుమ్మం. నిరుటి పండగది, మా గుమ్మమే.

"ఈ అబద్ధం నిన్న మొన్నటిది కాదత్తా," అంది కెజియ, ఫోను బోర్లా పెట్టి. "వందల ఏళ్ళ కిందట ఎక్కడో చలిదేశంలో పుట్టింది. దీన్ని నమ్మి ఊళ్ళకి ఊళ్ళే తగలబెట్టారు."

ఎంత దూరం నడిచొచ్చిందో చూడండి. మా వీధి చివరికి కొళాయి నీళ్ళు ఇప్పటికీ రావు. అది మాత్రం వచ్చేసింది.

నిజం చెప్పాలంటే ఆ గొంతు మాకు కొత్త కాదు. నిరుడు అదే గొంతు, లేదా దాని తమ్ముడు, బండి మీద పండ్లమ్మే మస్తాన్‌వలి పండ్ల మీద ఉమ్మేస్తాడని చెప్పింది. వారం రోజులు అతని బండి దగ్గర ఈగలు తప్ప ఎవరూ ఆగలేదు. మిర్యామ్మ వెళ్ళి పుచ్చకాయ కొని, అక్కడే కోయించుకుని, అక్కడే నిలబడి, గింజలు ఊస్తూ తింది. ఆమెకి పుచ్చకాయ ఇష్టం లేదు.

ఇప్పుడు మా వంతు. ట్యూషను పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఒకడికి కడుపునొప్పి, ఒకదానికి మేనమామ పెళ్ళి. మేనమామ పెళ్ళికి వెళ్ళాల్సిన పిల్ల వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతూ కనిపించింది. పండగకి రెండు రోజుల ముందు మిర్యామ్మ అట్లపిండి గిన్నె గోడ మీంచి నాంచారమ్మకి అందించింది. మర్నాడు గిన్నె మా గుమ్మంలో ఉంది. పిండి అలాగే ఉంది. ఎండకి పొంగి, అంచులు దాటి, అరుగు మీదకి కారింది. మిర్యామ్మ చీపురు తెచ్చుకుని కడిగింది. ఒక్క మాట అనలేదు. నాకు అది నచ్చలేదు. ఆమె మాట్లాడనప్పుడు చేతులు గట్టిగా తోముతాయి.

ఆ సాయంత్రమే వీరరాఘవులుగారు వచ్చారు. గుమ్మం దాటలేదు.

"చూడు మిర్యామ్మా, నాకేం పట్టింపు లేదు. నువ్వెలాంటిదానివో నాకు తెలీదా? కానీ నలుగురూ అంటన్నారు."

"ఎవరండీ ఆ నలుగురు?"

"అదేంటి, నలుగురంటే నలుగురు. ఈ ఏడాదికి ఆ చెయ్యి గుర్తూ, ఆ రొట్టెలూ మానెయ్యండి. ఒక్క ఏడాది. దేవుడు ఏమనుకోడు."

"మానకపోతేనండీ?"

ఆయన చెప్పుల వైపు చూసుకున్నారు. "అప్పుడు వాటా ఖాళీ చెయ్యమనాల్సి వస్తుంది. నా చేతుల్లో ఏముంది చెప్పు."

వాటా ఆయనది, తాళం ఆయనది, నోరు ఆయనది. చేతుల్లో మాత్రం ఏమీ లేదు. మంచివాళ్ళ చేతులు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి, నేను గమనించాను.

ఆయన వెళ్ళాక కెజియ గోడకి ఆనుకుని కూర్చుంది. "లోపల చేసుకుందాం అత్తా. తలుపులేసుకుని. గుమ్మానికి చెయ్యి లోపలివైపు కొడదాం. దేవుడికి లోపలా బయటా ఒకటేగా. మళ్ళీ ఇల్లు వెతకాలంటే మనకెవరిస్తారు? ఈ వాటా దొరకడానికే ఎన్ని గుమ్మాలు తిరిగాం. పేరు చెప్పేదాకా అందరి ఇళ్ళూ ఖాళీయే."

మిర్యామ్మ నా మీద చెయ్యేసి కూర్చుంది. "తలుపేసుకుని చేస్తే, లోపల ఏం కలుపుతున్నామోనని రేపు ఇంకో ఫోటో తీస్తారు. ఆకు మీద పైనుంచి జారవిడిస్తే తినడం నేను చిన్నప్పుడే నేర్చుకున్నానే. అప్పుడు నోరు మూసుకుంటే మంచిపిల్ల అన్నారు. ఆ మంచితనం ఎక్కడికీ తీసుకుపోలా. పొయ్యి వీధిలో పెడదాం."

"వీధిలోనా?"

"నడి వీధిలో. పొద్దున్నే కాదు, అందరూ లేచాక."

మర్నాడు ఎండ గోడ దిగి వీధిలోకి వచ్చేవేళ మిర్యామ్మ మూడు రాళ్ళూ మోసుకొచ్చి తన గుమ్మానికి ఎదురుగా పెట్టింది. నన్ను ఎక్కించింది. తాటాకులూ సరుగుడు కర్రలూ వేసి రాజేసింది. పక్కన కొత్త చాట, కడిగిన పీట, జల్లించిన గోధుమపిండి. ఇంకో పక్క స్టీలు గిన్నెలో ఎర్రనీళ్ళు, మూత లేకుండా. ఎదురిళ్ళ కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వీరరాఘవులుగారు అరుగు మీద పేపరు చదువుతున్నారు. చాలాసేపు ఒకే పేజీ.

నేను నల్లగా మొదలై, నీలంగా తిరిగి, ఎర్రబడ్డాను. నా జీవితంలో అంతమంది నన్ను చూడ్డం అదే మొదలు. కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ రొట్టెకి ఒక నియమం ఉంది. పిండిలో నీళ్ళు పడ్డాక ఆగకూడదు. గబగబా కలిపి, ఒత్తి, కాల్చెయ్యాలి. పిండి ఊరికే కూర్చుంటే పులవడం మొదలవుతుంది, అప్పుడది పండక్కి పనికిరాదు. చెయ్యి ఆడుతున్నంతసేపూ మాత్రం ఫరవాలేదు. కెజియ నీళ్ళు పోసి పిసకడం మొదలుపెట్టగానే మోటారుసైకిళ్ళు వచ్చాయి. ముగ్గురు. ముందున్నవాడి పేరు ఫణి. ఫోను ఎత్తి పట్టుకునే దిగాడు.

"ఏం కలుపుతున్నారు మామ్మా?"

"గోధుమపిండి, నీళ్ళు. ఉప్పు కూడా లేదు. చప్పగా ఉంటది, తింటావా?"

"వీడియో తీస్తున్నాం."

"తియ్యి నాయనా. పిండి దగ్గర్నుంచీ తియ్యి. మధ్యలోంచి తీస్తే కథ తెలవదు."

కిటికీల్లో ఎవరో నవ్వారు. ఫణికి ఆ నవ్వు గుచ్చుకుంది. ఫోను గిన్నె మీదకి తిప్పాడు. "మరి ఇదేంటి? ఈ ఎర్రది? ఇది కూడా గోధుమపిండేనా?"

మిర్యామ్మ జవాబు చెప్పేలోపే వెనకున్న వాడొకడు చేతిపంపు దగ్గరున్న నీళ్ళ బకెట్టు తెచ్చి పొయ్యి మీద కుమ్మరించాడు.

ఎర్రగా కాలిన ఇనుము మీద బకెట్టు నీళ్ళు పడితే ఏమవుతుందో మీ వంటింట్లో ప్రయత్నించకండి. వీధంతా ఆవిరి. పోత ఇనుమునైతే అక్కడే రెండు ముక్కలయ్యేదాన్ని. కానీ నేను బాయిలరు రేకుని. నిప్పూ నీళ్ళూ కొట్టుకునే చోట పుట్టినదాన్ని. ఒక్కసారి గట్టిగా మోగాను, అంతే. వంగలేదు.

ఆవిరి తేలిపోయేసరికి కట్టెలు నల్లగా తడిసి పొగలు కక్కుతున్నాయి. నిప్పు లేదు. పిండి మాత్రం అప్పటికే తడిపి ఉంది.

"కెజియా, చెయ్యి ఆపమాక," అంది మిర్యామ్మ, వాళ్ళ వైపు తిరక్కుండానే. "పిసుకుతా ఉండు. ఎవరేమన్నా తలెత్తమాక. చెయ్యి ఆపావంటే పులుస్తది."

కెజియ ఆపలేదు. కళ్ళలోంచి నీళ్ళు వస్తున్నాయి, భుజంతో తుడుచుకుంటోంది, పిసుకుతూనే ఉంది. ఎంతసేపని పిసుకుతుంది? మిర్యామ్మ అగ్గిపెట్టె గీసింది. తడికట్టె అంటుకోలేదు. ఇంకోటి గీసింది. వీధిలో అంతమంది ఉన్నారు. అందరి ఇళ్ళలోనూ నిప్పుంది. అందరూ నలుగురి కోసం ఎదురుచూస్తున్నారు.

అప్పుడు వీరరాఘవులుగారి దొడ్డి తలుపు చప్పుడైంది. నాంచారమ్మ స్నానాల కాగు కింది నిప్పులు చేటెడు ఇనప పారలో ఎత్తుకుని, మోచేతులు వెడంగా పెట్టి, నడుచుకుంటూ వస్తోంది. జుట్టు తడిగా ఉంది. సగం స్నానంలో ఉండగా కిటికీలోంచి చూసినట్టుంది.

"నాంచారీ, ఇంట్లోకి పో," అన్నారు వీరరాఘవులుగారు పేపరు వెనకనుంచి.

"పోతా. చెయ్యి ఖాళీ అయ్యాక పోతా."

నిప్పులు నా కింద పోసింది. తడికట్టెలు తీసి పారేసింది. ఎండుకర్ర కోసం అటూ ఇటూ చూస్తుంటే, సందు మొగలో బండి ఆపి మస్తాన్‌వలి దానిమ్మకాయల చెక్కపెట్టెని కాలితో తొక్కి విరగ్గొడుతున్నాడు. ఆ చెక్కలు తెచ్చి పొయ్యిలో పెట్టాడు.

ఫణికి సందు దొరికింది. "ఏం బాయ్, నువ్వు వీళ్ళ పక్కనా? అక్కడ మీవాళ్ళని ఏం చేస్తున్నారో తెలీదా?"

"తెలుసు. చూస్తే అన్నం దిగదు నాకు," అన్నాడు మస్తాన్‌వలి, మోకాళ్ళ మీద కూర్చుని ఊదుతూ. "దానికీ పెద్దమ్మ రొట్టెకీ ఏంది సంబంధం? నిరుడు నా పండ్ల మీద ఉమ్మేశానన్నది కూడా మీ ఫోనే గదా. అది ఎవర్నన్నా వదిలిపెడతదా? పక్కకి జరుగు, గాలి తగలాల."

ఫణి ఫోను మళ్ళీ గిన్నె మీదకి తిప్పాడు. "మరి ఈ నెత్తురు..."

నాంచారమ్మ నడుం నిటారు చేసింది. "నువ్వు మగ్గం సీతమ్మ కొడుకువి గదూ?"

"అవును పిన్నిగారూ."

"నీకు మాటలు ఆలస్యంగా వచ్చినయ్. మీ అమ్మ వారం వారం నీకు ఎర్రనీళ్ళు తిప్పి ఆ మూల పారబోసేది. ఆ మూలంతా ఎర్రగా ఉండేది. అప్పుడెవరి పిల్లల్ని చంపిందిరా మీ అమ్మ?"

ఆవిడ చూపుడువేలు గిన్నెలో ముంచి, వాడి ఫోను అద్దం మీద అడ్డంగా ఒక గీత గీసింది. "పసుపూ సున్నం. వాసన చూడు. ఈ వీధిలో ఇది తెలవని ఆడది లేదు. ఫోటో రాగానే అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే పిండి గిన్నె ఎనక్కి పెట్టాను." గొంతు కొంచెం తగ్గించింది. "మిర్యామ్మక్కా, ఆ పీట ఇటు జరుపు. నాకు ఒత్తడం వచ్చు."

'అక్కా' అన్న మాట మిర్యామ్మ విందో లేదో తెలియదు. పీట మాత్రం జరిపింది. "పల్చగా ఒత్తండి. ఆలస్యం చెయ్యమాకండి," అంది, పనిమనిషికి చెప్పినట్టు.

మొదటి ముద్ద చాలాసేపు ఆగిందని పక్కన పెట్టేశారు. కెజియ కొత్తగా పిండి తడిపింది. ఒకరు కలిపారు, ఒకరు ఒత్తారు, ఒకరు కాల్చారు. రొట్టెలు మచ్చలు పడి, పొడిగా, వంకరగా లేచాయి. అందంగా లేవు. మధ్యలో ఎదురింటి కోడలు ఒకావిడ అప్పడాల కర్ర పట్టుకుని గుమ్మందాకా వచ్చి, అత్తగారి కేక విని లోపలికి వెళ్ళిపోయింది. ఆ కర్ర మాత్రం గుమ్మంలోనే వదిలేసి వెళ్ళింది. కెజియ వెళ్ళి తెచ్చుకుంది. ఇంకెవరూ రాలేదు. వీధంతా కదిలొచ్చిందని చెబితే బాగుంటుంది గానీ, నేను పెనాన్ని, వార్తాపత్రికను కాను.

ఫణి కాసేపు నిలబడ్డాడు. ఫోను చొక్కాకి తుడుచుకున్నాడు. చొక్కా ఎర్రనైంది. ఆ వీడియో అతను ఎవరికీ పంపలేదు. ముగ్గురు ఆడవాళ్ళు పిండీ నీళ్ళూ కలిపి చప్పిడి రొట్టెలు కాలుస్తుంటే చూసే ఓపిక ఎవరికుంటుంది? నెత్తురు లేకపోతే వార్త కాదు.

రొట్టెలన్నీ గుడ్డలో చుట్టాక మిర్యామ్మ ఎర్రనీళ్ళలో అరచెయ్యి ముంచింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి, బయటివైపే, తలెత్తితే కనిపించేంత ఎత్తులో, గట్టిగా కొట్టింది. ఆ దెబ్బకి తలుపు గొళ్ళెం ఊగింది.

వీరరాఘవులుగారు అప్పుడు పేపరు మడిచారు. "చెప్పాను గదా మిర్యామ్మా. నా మాటకి విలువ లేనప్పుడు, వచ్చే నెలకి వాటా..."

"ఏ వాటా?" అంది నాంచారమ్మ, చేతికంటిన పిండి రాల్చుకుంటూ.

"అదేంటే, మన పక్క వాటా."

"ఈ స్థలం మా నాన్న నాకు పసుపు కుంకుమ కింద రాసింది. ఇల్లు దాని మీదే కట్టారు. మరిచిపోయారా?"

ఆయన నిజంగానే మరిచిపోయారు. ఆవిడ మరిచిపోలేదు. ఇన్నేళ్ళూ అవసరం రాలేదు, అంతే. "ఖాళీ చెయ్యమనేదేదో నేనంటాను. నాకు అనాలనిపించినప్పుడు," అని, పక్కన పెట్టిన మొదటి ముద్ద తీసుకుంది. "మీకిది పనికిరాదుగా. నేను పట్టుకెళ్తా. ఆయనకి రొట్టె చేస్తా, ఉప్పేసి." ఆయన ఆ మధ్యాహ్నం అదే తిన్నారు. బాగోలేదనలేదు.

ఆ తరవాత అంతా తేటపడిందని మీరనుకుంటే మీరు మనుషుల మధ్య తక్కువ తిరిగారన్నమాట. ట్యూషను పిల్లల్లో సగం మంది తిరిగొచ్చారు, సగం మంది రాలేదు. మూల ఇంటివాళ్ళు ఇప్పటికీ మా గుమ్మం రాగానే అవతలి వైపుకి దాటతారు. ఆ దగ్గు గొంతు ఊళ్ళు తిరుగుతూనే ఉంది. ఈ నెల ఇంకెవరి మీదో పడింది. మొన్న ఆ పరిశోధనాయన మళ్ళీ వచ్చాడు. నన్ను మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడతానన్నాడు, కింద చీటీతో. "అద్దాల్లో పెడితే అది చల్లబడిపోద్ది నాయనా," అంది మిర్యామ్మ. నేను ఊపిరి పీల్చుకున్నాను. అద్దాల వెనక ఉన్నవాటిని అందరూ గౌరవిస్తారు. బతికున్నవాటితోనే పేచీ.

మళ్ళీ చైత్రం వచ్చింది. ఈసారి యుద్ధం వార్తల్లో వెనక పేజీకి పోయింది. ఫోన్లకి వేరే పనుంది. ఎలీషా కూడా లారీ లోడు దింపి ఇంటికొచ్చాడు. పొద్దున్నే వాళ్ళమ్మ రాళ్ళు మోస్తుంటే చూసి, నన్ను ఆమె చేతుల్లోంచి అందుకున్నాడు.

"మళ్ళీ వీధిలోనా అమ్మా? ఇప్పుడెవరూ ఏమీ అనట్లేదు గదా. చల్లగా దొడ్లో చేసుకోవచ్చు."

మిర్యామ్మ రాయి సర్దుతూ తలెత్తలేదు.

"ఎవరూ ఏమీ అననప్పుడే బయట చెయ్యాల్రా. అన్నప్పుడు చేస్తే పోట్లాటకొచ్చామంటారు. ఊరికే ఉన్నప్పుడు చేస్తే, పండగ చేసుకుంటున్నారు అంటారు. ఆ మాటకి వీళ్ళు అలవాటు పడాల. పెట్టు పెనం."

ఎలీషా పెట్టాడు. కింద సరుగుడు కర్ర అంటుకుంది. నేను కాలడం మొదలుపెట్టాను.